ఉల్లిపాయల కత్తి

పదిహేనో ఏట నడుముకి గోధుమరంగు కాగితం చుట్టుకుని
పైన పురికొస బిగించి
షెఫీల్డులో కత్తులకి మెరుగు పెట్టే పనిలో చేరాను.
రోజుకి పన్నెండు డజన్లు.
సాయంత్రానికి మొహమంతా మసి,
నవ్వితే పళ్ళు మాత్రం తెల్లగా.
అవి ఎవరింటికి పోతాయని అడగలేదు.
వెన్నకో, రొట్టెకో, పెళ్ళి కానుకకో అనుకున్నాను.
అనుకోవడానికి ఖర్చేముంది.

ఇప్పుడు డెబ్బై తొమ్మిది.
ప్రతి గురువారం బర్న్‌గ్రీవ్ యువకేంద్రంలో
పిల్లల ముందు కూర్చుంటాను.
అక్కడి షనీస్ గోడమీద గాయాల ఫొటోలు అంటించబోతే
వద్దన్నాను.
భయపడ్డవాడే కదమ్మా కత్తి జేబులో పెట్టుకునేది,
ఇంకా భయపెడితే రెండోది కొంటాడు.

నా బొటనవేలు చూపిస్తాను. కొన లేదు.
అరవై నాలుగులో పోయింది.
"ఆ కత్తికి నామీద పగ లేదు, నా పేరైనా తెలీదు.
అయినా తెగింది."
కొందరు నవ్వుతారు. కొందరు ఫోన్లు చూసుకుంటారు.
వెనక వరుసలో ఒక కుర్చీలో ఎవరూ కూర్చోరు.
అది ఇద్రీస్‌ది. పదహారేళ్ళు.
తొడలో ఒకే పోటు.
తొడే కదా, ఏం కాదులే అనుకున్నాడట పొడిచినవాడు.
కోర్టులో అదే చెప్పాడు, ఏడుస్తూ. వాడికీ పదహారే.
తొడలో ఎంత పెద్ద రక్తనాళం ఉంటుందో
బడిలో చెప్పిన రోజు
ఇద్దరూ కలిసే ఎగ్గొట్టారట.

నవంబరులో ఒక రాత్రి, మంచువాన.
లిబాన్ నా సంచి బస్టాపు దాకా మోశాడు.
సోమాలీ వాళ్ళబ్బాయి. దీపస్తంభమంత పొడుగు, మాట తక్కువ.
వెలుగు కింద ఆగి, కోటులోంచి
ఫుట్‌బాల్ మేజోడు తీశాడు. అందులో కత్తి.
"ఇది మన ఊరిదేనా ఎడ్నా?"

ఏం చెయ్యాలి నేను? అరవాలా?
అలవాటు కొద్దీ వెలుగుకి వంచి
ముద్ర కోసం వెతికాను.
"మన ఊరిదా! దీని మొహం.
పిడి జిగురుతో అంటించారు. గట్టిగా దేనికైనా తగిలిందా,
నీ చెయ్యే జారి అలుగు మీదికి పోతుంది.
ముందు తెగేవి నీ వేళ్ళు."
నవ్వబోయి ఆగాడు.
"అమ్మది. ఉల్లిపాయలు తరిగేది.
మూడు వారాలుగా వెన్న రాసే చాకుతో తరుగుతోంది.
కత్తేదని ఒక్కసారీ అడగలేదు."
"ఎందుకంటావు?"
బస్సు వచ్చే వైపు చూశాడు.
"అడిగితే నేను చెప్పేస్తానని."

మేజోడుతో సహా సంచిలో వేసుకున్నాను,
లీకు కాడల కింద. బస్సెక్కాక తెలిసింది.
ఎదుటి సీటాయన దగ్గితే నా సంచినే చూస్తున్నట్టుంది.
ముగ్గురు కుర్రాళ్ళు పెద్దగా నవ్వుతూ ఎక్కితే
నా చెయ్యి నన్నడక్కుండానే సంచిలోకి పోయి
పిడిని వెతుక్కుంది.
లక్ష కత్తులు పట్టిన చెయ్యి.
ఒకదాన్ని దాచడం ఇదే మొదలు.
ఆ కుర్రాళ్ళలోనే ఒకడు వంగి
"పెద్దమ్మా, మీ కూర పడిపోయింది" అని
లీకు కాడ అందించాడు.
దొంగలా థాంక్స్ చెప్పాను.

పోలీస్ స్టేషన్ ముందు ఒక ఇనప పెట్టె ఉంటుంది,
పోస్టు డబ్బాలా నోరు తెరుచుకుని.
పేరడగదు. వేశాను.
ఖంగుమంటుందనుకున్నాను.
పొట్టిగా, పక్కనే పడ్డట్టు చప్పుడు.
అప్పటికే నిండా ఉన్నాయి.

మేజోడు ఉతికి ఆరేశాను.
రెండోది వాడి దగ్గరుంటుంది కదా, ఇచ్చెయ్యాలి.
ఆవిడ ఉల్లిపాయలు తరుక్కోవాలి కదా, అదొకటి.
నా సొరుగులో ఒకటుంది,
నేను మెరుగు పెట్టిందే, అసలైన షెఫీల్డుది.
ఆవిడకిద్దామని కాగితంలో చుట్టాను.
విప్పాను.
మళ్ళీ చుట్టాను.
బుధవారం, రాత్రి పదకొండు.
టేబుల్ మీద ఒంటి మేజోడు, ఒక పొట్లం.