వేరే విమానపు స్ప్రింగు

మూడు చక్రాలూ ఒక్కసారే గడ్డిని తాకాయి.
హ్యాంగరు ముందు బెంచీ మీద మాతే తాగుతున్న ముసలాళ్లం
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
నేలిదా సబాల్సా దిగిందంటే
సగం కుండ కూడా తొణకదు.

అంతటితో అయిపోయిందనుకున్నాం.
ఆమె కూడా అనుకుంది కాబోలు.

మా పంపా మైదానంలో గాలికి అడ్డేముంది?
రన్‌వేకి ఎడమవైపు ఒక్క యూకలిప్టస్ వరస,
ఎవరో ఇటలీవాడు నాటి, ఊరొదిలి పోయాడు.
ఆ వరస ఆగిన చోట
గాలి కాచుకుని ఉంటుంది,
వీధి మలుపులో అప్పులవాడిలా.

డెబ్బై ఆరేళ్ల గుడ్డ విమానం.
బరువంతా ముందు చక్రాల వెనకే.
నేల మీద అది తిరగేసి తోసిన తోపుడు బండి.
తోక పిసరంత పక్కకి జరిగిందా,
ఇక తనే ముందు నడవాలంటుంది.
మొదటి బెత్తెడు మన కాలి మాట వింటుంది.
రెండో బెత్తెడు వినదు.

ముక్కు ఎడమకి, గాలిలోకి తిరిగింది.
ఆమె కుడికాలు తొక్కింది. చుక్కాని
పూర్తిగా వాలడం బెంచీ మీంచే చూశాం.
రెప్పపాటు ఆలస్యం అంటే ఎక్కువ చెప్పినట్టే.
తోక విసురుగా చుట్టుకొచ్చింది.
కుడి రెక్క కొన నేల గీరింది, కుడి కాలు మడతపడింది,
ప్రొపెల్లరు రెండు మట్టిపెళ్లలు ఎగరేసి ఆగిపోయింది.
విమానం తను వచ్చిన దారినే చూస్తూ కూలబడింది.

రన్‌వే మాదేనని ఏడాది పొడుగునా అరిచే తీతువుల జంట
ఆ కాసేపూ నోరెత్తలేదు.

మేం పరుగెత్తేసరికి
స్విచ్చులు ఆపి, పెట్రోలు కట్టేసి,
బెల్టు మాత్రం విప్పకుండా కూచుని ఉంది.
"దెబ్బ తగిలిందా?"
"నాకా?" అంది.

ఆ సాయంత్రం చక్రాల జాడ వెంట ఒక్కణ్ణే నడిచాను.
గీత వంకర మొదలైంది
ఆఖరి చెట్టు నీడ దాటిన మూడో అడుగులో.
తరవాత విమానం తోక విప్పాను.
తీగ బాగుంది. కప్పీ బాగుంది. పిన్ను బాగుంది.
స్ప్రింగుకి మంగళవారం నేను రాసిన గ్రీజు
ఇంకా మెరుస్తోంది.
లోపం దొరికితే తప్పు నాదయ్యేది.
అయినా వెతికాను,
లాంతరు నూనె అయిపోయేదాకా.

శనివారం ఆమె వచ్చింది, మందుల షాపు మూసి.
సొరుగులోంచి తుప్పు పట్టిన స్ప్రింగొకటి తీసి
బల్ల మీద పెట్టాను, రెండు ముక్కలు.
"ఇదీ కారణం. ఇనుము అలిసిపోయింది."
నలభై ఏళ్లలో ఎవరికీ అబద్ధం చెప్పని నా గొంతు
కొత్త బూటులా కిర్రుమంది.

ఆమె కళ్లజోడు పెట్టుకుంది.
కిటికీ దగ్గరికెళ్లి గోటితో చుట్లు లెక్కపెట్టింది.
"ఇది పసుపు విమానానిది, అన్సెల్మో.
తొమ్మిదే చుట్లు. నాదానికి పదకొండు.
ఇది విరిగిన రోజు వెనక సీట్లో నేనే ఉన్నాను."

నేను మాతేలో నీళ్లు పోశాను. పొంగిపోయాయి.

"సూది ఎక్కడుంది?" అంది.

జూన్ చలిలో ప్రతి శనివారం
రెక్కకి కొత్త గుడ్డ కుడుతోంది.
ముడి మనసుకు నచ్చకపోతే
నేను బాగుందన్నా విప్పేస్తుంది.
ఆ స్ప్రింగు ముక్కలు మాత్రం తిరిగివ్వలేదు.
కోటు జేబులో ఉన్నట్టున్నాయి:
దారం కోసం లేచినప్పుడల్లా
తాళాలకి తగిలి చిన్నగా మోగుతాయి.