నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు

గుర్రమెక్కి కొందరూ, పాలలారీ వెనక కూర్చుని కొందరూ
వెళ్ళిపోయాక
పద్నాలుగు పలకల్నీ వరసగా ఛార్జింగు పెడతాను.
తడిగుడ్డ అడగని పలకలివి.
చెరిపేసిందాన్ని కూడా
కడుపులో దాచుకునే రకం.

తక్వారెంబోకి ఉత్తరాన మట్టిరోడ్డు రెండుగా చీలి
రెండూ గొర్రెల దగ్గరికే పోయేచోట మా బడి.
గది ఒకటి. తరగతులు ఆరు. టీచర్ని నేనొక్కదాన్నే.
సొరబుర్రలో మాతే చల్లారేలోపు
జవాబులు చూసెయ్యాలి.

నలభై మీటర్ల తీగ, గొర్రెల దొడ్డి చుట్టూ కంచె,
ఐదు మీటర్లకో గుంజ.
గుంజలెన్ని?

పెద్దపిల్లలు ఏడుగురు.
ఆరు ఎనిమిదులు పచ్చగా వెలిగాయి,
ఒక్క తొమ్మిది ఎర్రగా.
విల్మార్ ఎచెగోయెన్.
చుట్టూ తిరిగొచ్చే వరసలో మొదటి గుంజే చివరిది అని
సోమవారమేగా చెప్పాను!
తెరమీద గుంజలన్నీ చేతులు పట్టుకుని
గుండ్రంగా తిరిగేట్టు చేసి మరీ చెప్పాను.
వీడు కిటికీలోంచి చూస్తున్నాడు కాబోలు.

జరిగిందాన్ని మళ్ళీ నడిపే బొత్తాం ఒకటుంది.
నొక్కితే
వాడి వేలు కనపడదు గానీ వేలి గీత కదుల్తుంది.
కాస్త వంకరగా దొడ్డి. చుట్టూ చుక్కలు.
ఎనిమిది చుక్కలు. పక్కన ఎనిమిది అంకె.
సరిగ్గానే చేశాడే!

తర్వాత ఏమీ లేదు.
తెర కింద బూడిదరంగు అక్షరాలు: చలనం లేదు.
ఇంకాసేపటికి ఇంకో మాట:
విద్యార్థి దృష్టి మళ్ళింది, సులువైన లెక్క ఇవ్వమంటారా?
ఆ 'అవును' మీద నా వేలు ఎన్నిసార్లు వాలిందో
చెప్పుకోవడానికి సిగ్గు.

ఆ ఖాళీని దాటించే బాణం గుర్తు కూడా ఉంది. దాటించాను.
మళ్ళీ వెనక్కొచ్చాను.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు,
ఏమీ జరగనిదాన్ని చూడటం ఎంత కష్టమో.
రెండుసార్లు లేచాను. కుక్కకి నీళ్ళు పెట్టాను.
నీలగిరి చెట్లమీంచి దక్షిణపు గాలి
రేకుల్ని దడదడలాడిస్తోంది.

ఉన్నట్టుండి ఎనిమిది చెరిగింది.
తొమ్మిది పడింది.
తడుముకోని తొమ్మిది.

పొద్దున అడిగాను.
వాడు నా మొహం చూడకుండా, బూటు మడమతో నేల గీకుతూ
"గొర్రె లోపలికెట్లా వస్తది, మేస్త్రా?" అన్నాడు.
"గేటుండాలి గదా. గేటుకి తీగ చుట్టం గదా.
అటో గుంజ, ఇటో గుంజ."
నేను గీసిన దొడ్డిని చూశాను.
నిజమే. ఇన్నేళ్ళుగా ఒక్క గొర్రె కూడా
అందులోకి పోలేదు.

"అంతసేపూ అదే ఆలోచించావా?"
"లేదు. గేటు ఏ వైపు పెట్టాలా అని.
దక్షిణం వైపు పెడితే గాలికి
పిల్లలు చస్తయ్."

జుల్మా లేచింది, తన పచ్చటి ఎనిమిదిని గుండెకి హత్తుకుని:
"అయితే మాది తప్పా?"
కాదన్నాను.
"వాడిది తప్పా?"
కాదన్నాను.
ఇక చూడండి గోల!
లెక్కల పిరియడు దాటి, పాలు తాగే గంట దాటి,
నల్లబల్ల మీద గేట్లూ గొర్రెలూ,
ఎవరో కుక్కని కూడా గీశారు.

తొమ్మిదిని పచ్చ చేద్దామని చూశాను.
సరైన జవాబుకి గడి ఒక్కటే ఉంది.

యంత్రాన్ని ఆడిపోసుకోను.
ఆ నాలుగు నిమిషాల్నీ పారెయ్యకుండా ఉంచింది కదా,
నాకైతే అవి దొరికేవే కావు.
లెక్క చేయలేదు, అంతే.
దానిదాకా ఎందుకు, నేను మటుకు చేశానా?

గురువారం ఇంకో లెక్క పంపాను:
ఒక తొట్టి, ఒక పంపు, నిమిషానికి పన్నెండు లీటర్లు.
ఏడు వేళ్ళు పలకలకి కాస్త పైన ఆగాయి.
చలనం లేదు, చలనం లేదు, చలనం లేదు.
నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

విల్మార్ చెయ్యెత్తాడు.
"తొట్టి కారుద్దా, మేస్త్రా?"