గీతల బండ

ముప్పై ఏడు గడపలు మావి,
రాజురా బస్సు ఆగకుండ పోయే మలుపు కాడ.
దుక్కి దున్నినప్పుడల్లా
చేను గుండ్లను ఈనుతది.
ఏరి గట్టున పోస్తం, ఒక్క వానకు మళ్లీ మొలుస్తయి.
గుండ్రటివే, ఒక పక్క మాత్రం
చిత్రిక పట్టినంత చదును.
"పత్తికి పురుగు పడతది గని
ఈ పంటకు ఏ తెగులూ రాదు"
అంటడు ఆత్రం భీంరావు, నడుము పట్టుకొని.

వాగొడ్డున ఒక బండ.
దాని మీద పొడుగాటి గీతలు, అన్నీ ఒక్క దిక్కుకే.
అక్కడే ఇప్పపువ్వు ఎండబోస్తం, కొడవళ్లు నూరుతం.
పెద్దదేవుడు దున్నుడు నేర్చుకున్న తొలిచాళ్లని
ముసలమ్మల మాట.

మొన్న మే నెలల నాగపూర్ పిల్ల ఒకతి వచ్చింది,
భుజాన సంచి, చేతిల సుత్తె.
బండ మీద బోర్లా పండి
గీతల్ల వేలు పెట్టి శానాసేపు ఉన్నది.
"మంచు" అన్నది.
ముప్పై కోట్ల ఏండ్ల కింద
కొండంత మందం మంచు
కడుపు కింద రాళ్లు కరుచుకొని
ఇట్ల నడిచిపోయిందట.
నలభై ఏడు డిగ్రీల ఎండ.
తడి తువ్వాలలు నెత్తినేసుకొని
ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
భీంరావు నవ్వలేదు.

మాకు తెలిసిన మంచు ఒక్కటే.
బొగ్గుబాయిల పోయిన సిడాం మోతీరాం కోసం
బల్లార్షా నుంచి తెచ్చిన గడ్డ.
సూరత్ నుంచి బిడ్డ రాయుబాయి రావాలె, రెండు రైళ్లు మారి.
ఊక పోసి, గోనె చుట్టి
ట్రాక్టర్ దించి వాకిట్లకు ఈడ్చినం నలుగురం.
గోనె చినిగి, అడుగున గులకరాళ్లు అతికి
అలికిన నేల పొడుగునా చారలు.
రాత్రంత కరిగింది.
ఆ నీళ్లల్ల కాళ్లు పెట్టి పిల్లలు
నవ్వబోయి, పెద్దోళ్లను చూసి ఊకున్నరు.
మోతీరాం పెండ్లాం
నెల దాక వాకిలి అలకలేదు.

పోతూ పోతూ ఆ పిల్ల
ఎర్రచుక్కల రాయొకటి ఏరి చూపింది:
"ఇది ఇక్కడిది కాదు.
మోసుకొచ్చిన మంచు కరిగిపోతూ వదిలింది."
మా తాతా అంతే.
కరువు ఏడు, మగ్గం గుంజ నెత్తిన పెట్టుకొని
జగిత్యాల దిక్కు నుంచి వచ్చిండు.
ఇక్కడనే ఎందుకు ఆగినవంటే
"కాళ్లు ఆగినయి" అనేటోడు.
మా రేషన్ కార్డు మరాఠీల, తిట్లు తెలుగుల,
ఏడుపు ఏది ముందొస్తే దాంట్ల.

ఇయ్యాల పొద్దుగూకినంక
కొడవలి నూరబోయి ఆగిన.
భీంరావు బండకు చెవి ఆనించి పండుకున్నడు.
"సల్లగున్నదా?" అన్న.
"చెవి కాలింది" అన్నడు.
ఇటు తిరిగి
రెండో చెవి ఆనించిండు.