తొమ్మిదింట ఒకటి

సాయంత్రం నాలుగున్నర.
అక్కయ్యపాలెంలో, మా వంటగది బల్ల మీద
కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి
కళ్ళజోడు తుడుచుకుంటాను.
అవతల యారాడ బడిలో ఎవరో
ట్యాబుని కిటికీ ఊచల మధ్య ఇరికిస్తారు.
అక్కడ తప్ప ఇంకెక్కడా సిగ్నల్ అందదు.
మధ్యలో కొండ.
ఓడలకి దారి చూపించే కొండే
మాటలకి అడ్డం పడుతుంది.

"ఇనిపిస్తందా?" అంటాను, వాళ్ళ మాటలోనే.
"ఇనిపిస్తంది మేడమ్!"
ఇరవైమూడు గొంతులు, అర సెకను ఆలస్యంగా,
రేషన్ క్యూలో ఒకరినొకరు తోసుకున్నట్టు.

ఇవాళ భిన్నాలు.
తెల్లకాగితం మీద గుండ్రంగా రొట్టె గీశాను.
ముప్పై నాలుగేళ్ళుగా అదే రొట్టె.
నాలుగు ముక్కలు చేసి, ఒకటి చెరిపి,
మిగిలిందెంత అని అడగడం.
ఆకలేసిన పిల్ల కూడా
ఆ రొట్టె వంక ఆశగా చూడలేదు ఏనాడూ.

వెనక వరసలోంచి నూకరత్నం లేచింది.
తెర మీద ఒక జడా, ఒక చెవీ కనిపించాయి.
"రొట్టి వద్దు మేడమ్, వాటాలెయ్యండి.
పడవకి రెండు, ఇంజనుకి ఒకటి, వలకి ఒకటి,
ఎల్లిన అయిదుగురికీ తలో ఒకటి.
మా నాన్నది తొమ్మిదింట ఒకటి.
నూనె కరుసు ముందే తీసేత్తారు."

రొట్టెని కొట్టేశాను.
పడవ గీశాను. దోసకాయలా వచ్చింది.
నవ్వారు.
ఆ నవ్వు మాత్రం ఆలస్యం లేకుండా చేరింది.

"ఇంకో ఇద్దరు ఎక్కితే?"
"పదకొండింట ఒకటి" అన్నాడు పోలిరాజు.
"కింది అంకె పెరిగితే వాటా?"
"తగ్గుద్ది!"
రాసుకోండి అనబోయాను.
నూకరత్నం ఇంకా నిలబడే ఉంది.
"వాటా తగ్గుద్ది గానండి,
వల లాగడం తేలికవుద్ది గదా.
దాన్నెక్కడ రాయాలి, గీతకి పైనా, కిందా?"

పైన చూశాను. కింద చూశాను.
నా కాగితంలో దానికి చోటు లేదు.

ఒక ట్యాబు, ఇరవైమూడు మంది.
నా గొంతులో ఒక్కొక్కరికీ వచ్చే వాటా ఎంతో
ఆ పిల్ల ఎప్పుడో లెక్కేసుకుని ఉంటుంది.
గోడ పక్కన కూచునే ఎల్లాజీకి
అందులో సగం కూడా అందదు.
వాడు నా పెదాలు చూసి రాసుకుంటాడు.

వీళ్ళకి ఒకటి చెప్పలేదు.
చాన్నాళ్ళ కిందట నన్ను వేసింది ఆ బడికే.
గాజువాక దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకోటి,
ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేది.
పదహారు రోజులు వెళ్ళాను.
పదిహేడో రోజుకి
మా ఆయన ఎవరికో చెప్పించి, వాళ్ళు ఇంకెవరికో చెప్పి,
ఊళ్ళోకి బదిలీ అయిపోయాను.
పదహారు రోజులకి ఏ పాఠమూ పూర్తవదు.
ఆనాటి నా క్లాసులో కూచున్నవాడే
ఈ నూకరత్నానికి తండ్రేమో.
వాటాల లెక్క అతను ఎక్కడ నేర్చుకున్నాడో గానీ
నా దగ్గర మాత్రం కాదు.

గంట కొట్టే ముందు అడిగింది:
"మేడమ్, మీరెప్పుడైనా మా ఊరొచ్చేరా?"

అప్పుడే బొమ్మ ఆగిపోయింది.
సగం తెరిచిన నోళ్ళు, ఎత్తిన ఒక చెయ్యి,
వాళ్ళ వెనక తలుపు సందులో ఇంత సముద్రం,
అన్నీ గడ్డకట్టి
మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది.
ఆ కొండకి మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.
పొయ్యి మీద కుక్కర్ మూడో కూత వేసింది.
పక్క మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు.

ఉన్నట్టుండి సముద్రం కదిలింది.
"మేడమ్, ఇనిపిస్తందా?
మా ఊరు ఎప్పుడైనా వచ్చేరా అని అడిగేనండి."