ఐదో ఎముక దగ్గర

మల్పీకా రేవులో వాన పట్టి మూడో రోజు.
క్లినిక్ మెట్ల మీద గొడుగు దులుపుకుని
దోసిందా లోపలికొచ్చింది.
షెడ్డులో చాప మీద కూర్చుని
కాలి బొటనవేలికి వల తగిలించి లాగుతూ
నలభై ఒక్కేళ్ళు చిరుగులు కుట్టిన మెడ,
గడప దాటాక కూడా
ఇంకా ఏదో చిరుగు వెతుకుతున్నట్టే వంగి ఉంది.

బోర్లా పడుకోమన్నాను.
బల్ల కన్నంలోంచి ఆమె గొంతు నేలకి తగిలి పైకొచ్చింది:
"నీ బూటు అడుగు ఊడింది, బ్రాయిస్."

చూపుడువేలికి ఒకటి, మధ్యవేలికి ఒకటి క్లిప్పులు.
నైలాను తాడు కోసిన గీతల మధ్య
మామూలు చర్మం కోసం వెతకాల్సొచ్చింది.
ఒక తీగ చెమటని లెక్కపెడుతుంది,
ఇంకోటి వెచ్చదనాన్ని.

ఇక నా బొటనవేళ్ళు.
పైనుంచి ఎముకలు లెక్కపెట్టుకుంటూ దిగి
ఐదో దాని దగ్గర ఆగాయి.
పిండి పదును చూసినంత బరువు,
సెకనుకి రెండుసార్లు, ఒక నిమిషం.
ఆపి, మళ్ళీ నిమిషం.

ముట్టుకున్నది మెడని.
పలికింది వేలి కొస.
తెర మీద గీత లేచింది: ఆవగింజలో సగం చెమట.
వేలు అర డిగ్రీ చల్లబడింది.
కబురు వెన్నుపాములో ఏ దారి పట్టిందో,
మెదడు అడుగున ఎవరి తలుపు తట్టిందో,
మా ప్రొఫెసరమ్మ బొమ్మ గీసి
బాణం పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

దోసిందాకి చెబితే నవ్వింది.
"ఇక్కడ ముడి లాగితే అక్కడ బెండు కదలదూ?
దానికింత కరెంటు దేనికి?"

గురువారం కవరు చించాను.
చీటీలో ఉంది: ఈ రోజు ఉత్తి చెయ్యి.
పెట్టాలి. కదపకూడదు. చెప్పకూడదు.

పెట్టాను.
అదే ఎముక, అవే నిమిషాలు.
తడిసిన ఉన్ని వాసన.
ఊపిరికి లేచి దిగుతున్న వీపు.
నా బొటనవేళ్ళు
అద్దె ఎగ్గొట్టినవాళ్ళలా తలుపు దగ్గర నిలబడ్డాయి.
గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది.
ఆమె మాత్రం మాటలు ఆపేసింది.
కాసేపటికి బల్ల కన్నం కింద, నేల మీద
ఒక చుక్క. ఇంకొకటి.
గొడుగు ఆ మూల ఉంది.

లేచి కూర్చుంది. మెడ తిప్పి
భుజం దాటి కిటికీ దాకా చూసింది.
"ఆరు ఉండేది, మూడయింది. రాసుకో."

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు.
నరాలున్న వేలేమో ఏమీ జరగలేదంటోంది.
రెంటినీ పక్కపక్క గళ్ళలో రాశాను.
ఏది నమ్మాలో రాసే గడి
ఆ కాగితంలో లేదు.

"మొహం అలా పెట్టావేం?" అంటూ
తన క్లిప్పులు ఊడబీకి నా వేళ్ళకి తగిలించింది.
అరచెయ్యి తిప్పి,
బొటనవేలి మొదట్లో, రాత్రిళ్ళు సలిపే కండలో,
ఇంతవరకూ ఎవరికీ చూపించని చోట,
దబ్బనం పట్టే వేలితో ఒక్క నొక్కు నొక్కింది.

గీత తెర పైఅంచుని కొట్టింది.
"అదీ," అంది, గొడుగు అందుకుంటూ.

ఆమె మెట్లు దిగిపోయాక చూశాను.
యంత్రం దాన్ని కూడా
దోసిందా పేరు మీదే రాసుకుంది.
చెరిపెయ్యాలి.
రేపు.