ఉడకేసిన బుడ్డలు

కడప రన్‌వే మీద
మేకలే ఎక్కువ దిగేవి.
విమానం ఏడాదికి ఒకమాటో, రెండుమాట్లో.

గాలిసంచి రొంత ఊగితే చాలు
"వస్తాండాదిరా!" అనేవాడు జిలానీ.
వాచ్‌మన్ కుళ్ళాయప్ప కట్టె తీసుకుని
మేకల్ని తోలితేనే
ఆ మాట నిజం.

ఒకసారి నిజంగానే దిగింది.
మా బడి బస్సు కన్నా చిన్నది.
కంచె మీదికి ఎగబాకినాం,
నా చొక్కా తీగకు పట్టుకుని పర్రుమంది.

ఎర్రదుమ్ములోంచి పైలట్ నడిచొచ్చి
మా చేతుల్లోకి చూసినాడు.
"ఏం తింటాండారు?"

దోసెడు పోసినాం.
నిలబడే ఒలుచుకు తిన్నాడు.
ఉప్పు చాల్లేదన్నాడు.

ఆయన పారేసిన పొట్టు
జిలానీ జేబులో చాన్నాళ్ళుంది.

నేను మాత్రం ఆ మాపటేళ,
చినిగిన చొక్కా చూసి అమ్మ చెయ్యెత్తితే
ఏడ్చుకుంటా ఎదురరిచినా:
"ఉప్పెందుకు తక్కువేసినావు?"