పలకని ఎస్

బ్రెస్సే నుంచి ఏడు నిమిషాల ఫెర్రీ దిగి
తడి బూట్లతో వస్తాడు మాగ్నీ.
పుట్టిందీ పెరిగిందీ ద్వీపంలోనే.
ఐలండ్ అని రాయమంటే మాత్రం
ప్రతిసారీ ఎస్ నీళ్ళలో జారిపోతుంది.

మిస్ ఇస్బిస్టర్ ఎర్ర పెన్నుకు మూత పెట్టి
ఉన్నమాట చెప్పేసింది:
"మొదట్లో లేదురా అది.
ఎప్పటివాళ్ళో, బాగా చదువుకున్నవాళ్ళు, పొరబడి దూర్చారు."
మన అరసున్నలాగే, పలకదు.
అరసున్న వెళ్ళిపోయింది, ఇది పోలేదు.

"అయితే తప్పు వాళ్ళది,
మార్కు పోయేది నాదా?"

ఆవిడ కిటికీ వైపు చూసింది.
మూడింటికే చీకటి. హార్బర్‌లో ఒక్క దీపం.

శుక్రవారం డిక్టేషన్.
ఈసారి ఎస్ ఉంది.
మిగతా అక్షరాలు ఇంకుతో,
అదొక్కటి పెన్సిల్‌తో,
కావాలంటే మీరే చెరుపుకోండి అన్నట్టు.

ఆవిడ చెరపలేదు,
ఇంకుతో దిద్దనూ లేదు.
పక్కన చిన్న టిక్కు పెట్టి
తర్వాతి కాగితం తీసింది.